కచేరీ తెల్లారి

సోమవారం పొద్దున పది గంటలకు కెమిస్ట్రీ క్లాసులో హాజరు పిలుస్తున్నారు. నా నంబరు ఇంకా రానేలేదు, నేను లేచి “ప్రెజెంట్ సార్” అన్నాను. క్లాసంతా నవ్వింది. ముందు బెంచీ అమ్మాయి వెనక్కి తిరిగి, “ఇంకా ఆడ్నే ఉన్నవా?” అంది మెల్లగా.

నిజమే, ఇంకా అక్కడే ఉన్నాను. ఒళ్లు జహీరాబాద్‌లో ఉంది. చెవులు మాత్రం గచ్చిబౌలి నుంచి బయల్దేరలేదు. అది 2023 ఫిబ్రవరి 27. ముందు రోజు ఆదివారం రాత్రి, గచ్చిబౌలి స్టేడియంలో ఇళయరాజా కచేరీ చూసి వచ్చాను.

ఈ రెండు మూడేళ్లలో హైదరాబాద్‌కు పెద్ద పెద్ద కచేరీలు వరసగా వచ్చాయి. 2024 అక్టోబర్ 19న దేవిశ్రీ ప్రసాద్ గచ్చిబౌలిలో పాడాడు. 2025 ఫిబ్రవరి 2న ఇంగ్లండ్ నుంచి ఎడ్ షీరన్ వచ్చి రామోజీ ఫిల్మ్ సిటీలో పాడాడు. అదే ఫిల్మ్ సిటీలో 2025 నవంబర్ 8న ఎ.ఆర్. రెహమాన్. అన్నీ శని, ఆదివారాలే. మర్నాడు పేపర్లలో వేదిక మీది లైట్లు, వచ్చిన తారలు, ఆగిపోయిన ట్రాఫిక్ కనిపిస్తాయి. నేను మాత్రం ఆ వార్తల్లో ఇంకొకరి కోసం వెతుకుతాను. తాండూరులోనో నారాయణఖేడ్‌లోనో జహీరాబాద్‌లోనో సోమవారం పొద్దున బ్యాగు తగిలించుకుని, ఎర్రబడ్డ కళ్లతో కాలేజీ గేటు దాటే పిల్లో పిల్లాడో ఉంటారు కదా, వాళ్ల కోసం. ఆ సోమవారం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అది చెబుదామనే ఇది రాస్తున్నాను.

క్యాసెట్ రెండు వైపులా అయిపోతే సంగారెడ్డి

మా నాయిన లారీ డ్రైవర్. జహీరాబాద్ చుట్టుపక్కల పండే అల్లం, ఆలుగడ్డ హైదరాబాద్ మార్కెట్లకు తోలేవాడు. క్యాబిన్‌లో దేవుడి పటం పక్కన ఒక రేకు డబ్బా, దాన్నిండా క్యాసెట్లు. ఎకో కంపెనీవి ఎక్కువ. వాటి మీది అక్షరాలు చేతి చెమటకు ఎప్పుడో చెరిగిపోయాయి. ఏ క్యాసెట్‌లో ఏ పాట ఉందో నాయినకు దాని గీతలను బట్టి తెలిసేది. రీలు వదులైతే పెన్సిలు పెట్టి తిప్పే పని నాది. నాకప్పుడు ఐదారేళ్లు.

సినిమాలు చూసే తీరిక నాయినకు ఎక్కడిది? ఆయనకు పాట వేరు, సినిమా వేరు. ‘సాగర సంగమం’, ‘రుద్రవీణ’ పాటలన్నీ నోటికి వచ్చు. ఆ రెండు తెలుగు సినిమాల సంగీతానికీ ఇళయరాజాకు జాతీయ అవార్డులు వచ్చాయని మాత్రం నేను చెబితేనే తెలిసింది. ఆయన లెక్కలు వేరు. జహీరాబాద్‌లో క్యాసెట్ వేస్తే రెండు వైపులా అయిపోయేసరికి సంగారెడ్డి రావాలి. రాలేదంటే బండి మెల్లగా పోతున్నట్టు. రాత్రిపూట కన్ను మూతపడకుండా కాపాడింది ఆ పాటలేనని ఇప్పటికీ అంటాడు. పాట ఒకరి ప్రాణం నిలిపిందంటే నేను నమ్ముతాను. నాకు చిన్నప్పుడు ప్రతి పొద్దునా నాయిన ఇంటికి తిరిగొచ్చాడు.

ఇళయరాజా కథ నాయినకు ఎవరో తోటి డ్రైవర్ చెప్పాడట. తమిళనాడులో పన్నైపురం అనే పల్లె. 1943లో పుట్టాడు. అన్న పావలర్ వరదరాజన్ కమ్యూనిస్టు సభల్లో పాటలు పాడేవాడు. ఆ బృందంలో పద్నాలుగేళ్ల వయసు నుంచి తమ్ముడు ఊరూరా తిరిగాడు, హార్మోనియం వాయించాడు. తర్వాత మద్రాసు చేరి ధనరాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నాడు. 1976లో ‘అన్నక్కిళి’తో సినిమాల్లోకి వచ్చాడు. ఈ కథ చెప్పినప్పుడల్లా నాయిన గొంతులో, తమ ఊరి పిల్లగాడు కలెక్టర్ అయినట్టు ఒక గర్వం వినిపించేది.

కచేరీ సంగతి ఫోన్‌లో నేను చూపించిన రోజు నాయిన ఏమీ మాట్లాడలేదు. వారం తర్వాత మూడు ట్రిప్పుల బత్తా తెచ్చి నా చేతిలో పెట్టి, “ఎనకాలి సీట్లు అయినా మంచిదే, రెండు తీస్కో” అన్నాడు.

అమ్మ ఒప్పుకోలేదు. వయసొచ్చిన ఆడపిల్లను తీసుకుని అర్ధరాత్రి రోడ్డు మీద ఎట్లా వస్తారంది. గుంపులో ఏమైనా అయితే ఎవరు దిక్కంది. అప్పుడు కోపమొచ్చింది గానీ, అమ్మ భయం ఊరికే కాదు. అదే ఏడాది నవంబర్ 25న కొచ్చిన్ యూనివర్సిటీలో ఒక గాయని కచేరీకి ముందు తొక్కిసలాట జరిగి నలుగురు చనిపోయారు. ముగ్గురు విద్యార్థులే. ఆ వార్త చదివిన రోజు నేను అమ్మ పక్కన కూర్చుని చాలాసేపు లేవలేకపోయాను. పాట వినడానికి వెళ్లిన పిల్ల ఇంటికి తిరిగి రావాలి. మర్నాడు క్లాసులో కూర్చోవాలి. కచేరీ పెట్టేవాళ్లకు ఇంతకన్నా పెద్ద బాధ్యత ఉందని నేను అనుకోను.

అడ్డు తీసింది మా అవ్వ. “మొన్న శివరాత్రికి ఝరాసంగంల జాగారం చెయ్యలేదా? తెల్లందాంక భజన ఇనలేదా? గిది గూడ గసొంటిదే అనుకో” అంది. వారం కిందటే, ఫిబ్రవరి 18న శివరాత్రి. మా మండల కేంద్రం ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుడి గుడి. మొగలిపువ్వు శివుడికి పనికిరాదంటారు గదా, ఇక్కడ మాత్రం దేవుడి పేరే ఆ పువ్వు పేరు. కర్ణాటక సరిహద్దు పక్కనే కాబట్టి జాగారం రాత్రి తెలుగు భజన ఆగితే కన్నడ భజన అందుకుంటుంది. మా వైపు పాట కోసం ఒక రాత్రి నిద్ర మానుకోవడం కొత్త సంగతేమీ కాదు. అవ్వ ఆ మాటనేసరికి అమ్మ ఇక ఏమీ అనలేకపోయింది.

తెల్ల చుక్క, పైకి లేచిన కమాన్లు

ఆడవాళ్లకు బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది ఆ ఏడాది డిసెంబర్ 9న. ఫిబ్రవరిలో నా దగ్గరున్నది ఊరి నుంచి కాలేజీ దాకా పనికొచ్చే స్టూడెంట్ పాస్ ఒక్కటే. ఇద్దరం టికెట్లు కొనుక్కుని లింగంపల్లి దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో వెళ్లాం. నాయిన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. భుజం మీద తువ్వాలు మాత్రం మానలేదు.

మా సీట్ల నుంచి వేదిక అగ్గిపెట్టెంత కనిపించింది. అందులో తెల్ల బట్టల్లో ఒక చుక్క. అదే ఇళయరాజా. ఇరుపక్కలా పెద్ద తెరలున్నా నాయిన చాలాసేపు ఆ చుక్కనే చూస్తూ ఉండిపోయాడు.

నా చూపు వయొలిన్ల మీద పడింది. వాయించేవాళ్లంతా వరసల్లో కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందు ఒక స్టాండు, స్టాండు మీద కాగితాలు. కమాన్లన్నీ ఒకేసారి పైకి లేచాయి, ఒకేసారి కిందికి దిగాయి, వరి చేనులో గాలి పోయినట్టు. నేను పుట్టినప్పటి నుంచి విన్న పాటే అది. క్యాబిన్‌లో రెండు స్పీకర్లలోంచి, తర్వాత ఫోన్‌లోంచి విన్నాను. అందులో వయొలిన్లున్నాయని తెలుసు. అవి ఇంతమంది మనుషులని, వాళ్లకు భుజాలు నొప్పి పుడతాయని, పాట మధ్యలో ఒకామె చప్పున పేజీ తిప్పుకోవాల్సి వస్తుందని ఎప్పుడూ తట్టలేదు.

వేణువు వాయించే ఆయన్ని తెర మీద ఒకసారి దగ్గరగా చూపించారు. పాట మొదలైంది, పల్లవి అయింది, ఆయన వేణువు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చరణం ముందు చిన్న బిట్. ఆయన పెదవికి ఆనించి వాయించాడు, నాలుగు ఊపిరులంత. మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ నాలుగు ఊపిరులు లేకపోతే ఆ పాట మా ఇంట్లో ఎవరూ గుర్తుపట్టరు. వాటి కోసం ఆయన అంతసేపూ పాటను వింటూ, లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. ఆ కూర్చోవడమే నాకు ఎక్కువ నచ్చింది.

ఇళయరాజా తన సంగీతాన్ని వాద్యం ముట్టకుండానే, పాశ్చాత్య స్వరలిపిలో, తన చేత్తో కాగితం మీద రాస్తాడని చదివాను. ఏ వాద్యం ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో ముందే ఆయన తలలో మోగుతుంది. ఆ పని ఆయన్ని ఎంత దూరం తీసుకుపోయిందో తర్వాత చూశాం. 2025 మార్చి 8న లండన్‌లో ‘వాలియంట్’ పేరుతో తన సింఫనీని వినిపించాడు. అప్పటికి ఆయన వయసు 81.

ఒక పాట దగ్గర నాయిన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. బాలు పాడిన పాట. ఇప్పుడు వేరే గొంతు పాడుతోంది. బాగానే పాడుతోంది. కానీ బాలు వెళ్లిపోయి అప్పటికి రెండున్నరేళ్లు, 2020 సెప్టెంబర్ 25న. నాయిన లారీలో ముప్పై ఏళ్లు తోడున్న గొంతు అది. ఆ బాలు కూడా ఒకప్పుడు మద్రాసులో ఇంజినీరింగ్ చదువుతున్న కుర్రాడే. 1966లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’లో తొలి పాట పాడేనాటికి ఇరవై ఏళ్లు.

కచేరీ ముగిసింది. జనం లేస్తున్నారు. నాయిన లేవలేదు. వేదిక మీద వయొలిన్లను పెట్టెల్లో సర్దుతున్నవాళ్లను చూస్తూ, “గింతమంది కలిస్తేనా బిడ్డా ఆ పాట! నేను ఇన్నేండ్లు ఒక్కడే చేసిండనుకున్న” అన్నాడు.

చెరుకు బండ్ల వెనక

2025 జనవరిలో అహ్మదాబాద్‌లో కోల్డ్‌ప్లే కచేరీలు జరిగినప్పుడు ముంబై నుంచి ప్రత్యేక రైళ్లు నడిపారు. ఆ వార్త చూసి నాకు మా తిరుగు ప్రయాణం గుర్తొచ్చింది. పది దాటాక స్టేడియం బయట ఆటో దొరకడానికే గంట పట్టింది. నాయిన బస్సు కోసం చూడలేదు. ఆటోలో ముత్తంగి దగ్గరికి, ఔటర్ రింగ్ రోడ్డు ముంబై హైవేను కలిసే చోటికి తీసుకెళ్లాడు. ఎవరికో ఫోన్ చేశాడు. అరగంటలో షోలాపూర్ పోయే లారీ ఒకటి మా ముందు ఆగింది. డ్రైవరు నాయినకు పాత దోస్తు. “ఎక్కు బేటీ” అని క్లీనరును వెనక్కి జరిపి నాకు కిటికీ పక్కన చోటిచ్చాడు.

ఫిబ్రవరి అంటే మా దగ్గర చెరుకు కొట్టే కాలం. సదాశివపేట దాటాక రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్లు, జంట ట్రాలీలు, వెనక లైట్లు లేనివే ఎక్కువ. లారీ వాటి వెనక మెల్లగా నడిచింది. తీపి, పచ్చి వాసన క్యాబిన్‌లోకి వచ్చింది. నాయిన, ఆ డ్రైవరు డీజిల్ ధర గురించి, కిడ్నీలో రాళ్ల గురించి మాట్లాడుకుంటున్నారు. పాటల గురించి ఒక్క మాట లేదు. ఇల్లు చేరేసరికి రెండున్నర. మంచం మీద వాలుతుంటే నాయిన తలుపు దగ్గర నిలబడి, “పొద్దుగాల లేపుతా. క్లాసు తప్పొద్దు” అన్నాడు. ఆయన కూడా ఆరింటికి లోడు ఎక్కించుకోవాలి.

తెల్లారి మధ్యాహ్నం విరామంలో ఆడపిల్లలంతా నా ఫోన్ చుట్టూ చేరారు. నేను తీసిన వీడియో పెట్టాను. బొమ్మలో వెలుగు తప్ప ఏమీ లేదు. డోలు మోగినప్పుడల్లా శబ్దం చిరిగిపోతోంది. అన్నిటికన్నా గట్టిగా వినపడుతున్నది పక్కన కూర్చున్న నాయిన కూనిరాగం. శ్రుతి లేదు, అక్కడక్కడా మాటల్లేవు. సిగ్గేసి ఆపేశాను. ఆ వీడియో ఇప్పటికీ ఉంది. ఫోన్లు మూడు మారాయి గానీ దాన్ని మాత్రం ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి జాగ్రత్తగా మార్చుకుంటూ వచ్చాను. ఇళయరాజా పాట ఎక్కడైనా దొరుకుతుంది. నాయిన కూనిరాగం దాంట్లో మాత్రమే ఉంది.

రెండింటికి ఫిజిక్స్ ప్రాక్టికల్. ఆ రోజు సోనోమీటర్. చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: పొడుగాటి చెక్క పెట్టె, దాని మీద బిగించిన ఒక్క తీగ, తీగ చివర కొక్కేనికి బరువులు, తీగ కింద జరుపుకోవడానికి రెండు చిన్న చెక్కలు. తీగ మీద కాగితం ముక్కను గుర్రపు జీనులా మడిచి కూర్చోబెట్టాలి. శ్రుతిదండాన్ని రబ్బరు మీద కొట్టి దాని కాడను పెట్టె మీద ఆనించాలి. చెక్కలను ఒక్కొక్క పిసరు జరుపుతూ పోతే, తీగ పొడవు సరిగ్గా సరిపోయిన చోట కాగితం గజగజ వణికి ఎగిరిపడుతుంది. అదే అనునాదం. దండం మీద రాసి ఉన్న సంఖ్యే తీగ కూడా పలుకుతోందన్నమాట.

నాకు 256 దండం వచ్చింది. కాగితం నలభై ఎనిమిది సెంటీమీటర్ల దగ్గర ఎగిరింది. పక్క బ్యాచ్ వాళ్లకు 384, అంతే బరువుకు ముప్పై రెండు దగ్గర. నిన్న రాత్రి వయొలిన్ల మెడ మీద వేళ్లు ఎందుకు అలా జారుతున్నాయో ఒక్కసారిగా అర్థమైంది. తీగ పొడవు తగ్గిస్తున్నారు, అంతే. రికార్డులో ఎప్పుడూ కాపీ కొట్టి రాసే ఆ సూత్రం కోసం ఆ రోజు నా చెయ్యి దానంతట అదే కదిలింది.

దండాల పెట్టె తెరిచి చూశాను. ఎనిమిదున్నాయి. 256, 288, 320, 341, 384, 426, 480, 512. పక్కన ఇంగ్లీషు అక్షరాలు. ఇవేమిటి సార్, ఈ నంబర్లే ఎందుకు అని అడిగాను. సార్ కళ్లజోడు తీసి నా వైపు చూశారు. ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడగాలని చాలా ఏళ్లుగా ఎదురుచూస్తున్నట్టు ఆయన ముఖం వెలిగింది. 256కు 384 ఒకటిన్నర రెట్లు, అది స, ఇది ప. 320 ఒకటింబావు రెట్లు, అది గ. 512 సరిగ్గా రెండింతలు, పై స. శంకరాభరణం మొత్తం ఈ పెట్టెలో ఉందమ్మా, మనం ఒక్కొక్కటే తీసి వాడుకుంటాం కాబట్టి వినపడదు, అన్నారు.

ఎనిమిది మందిమి బల్ల ముందు వరసగా నిలబడ్డాం. ఒక్కొక్కరికి ఒక దండం. నాకు 341, మధ్యమం. కొట్టి, కాడను బల్ల మీద ఆనించాలి. మొదటిసారి అంతా కలగాపులగం అయింది. రెండోసారి నవ్వులు. మూడోసారి ఎవరూ నవ్వలేదు. స పలికింది, రి పలికింది, గ పలికింది. నేను ఊపిరి బిగబట్టి నా వంతు కోసం చూస్తున్నాను. కొట్టాను. బల్ల చెక్క నా అరచేతిలో సన్నగా వణికింది. నా పక్కన ప అందుకుంది. చివర పై స దగ్గర, ఎప్పుడూ వెనక నిలబడి ఫోన్ చూసుకునే కుర్రాడు ఉన్నాడు. అతను కొట్టిన తర్వాత ఆ మోత ఆగేదాకా ఎవరం మాట్లాడలేదు.

సాయంత్రం ఆరున్నరకు ఇల్లు చేరాను. అవ్వ అరుగు మీద కూర్చుని చాటలో జొన్నలు చెరుగుతోంది. పక్కన చిన్న రేడియో. ఏడింటికి సంఘం రేడియో వస్తుంది, 90.4. మాచ్నూర్ నుంచి. మాకు కూతవేటు దూరం.

ఆ రేడియో సంగతి బయటి లోకానికి తెలిసినంత మా తరానికి తెలియదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ఇచ్చిన న్యాయమూర్తుల్లో ఒకరైన జస్టిస్ పి.బి. సావంతే 2008 అక్టోబర్ 15న మాచ్నూర్ వచ్చి ఈ రేడియోను ప్రారంభించారు. నడిపేది డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు. మైకు ముందు కూర్చునేదీ, మీటలు తిప్పేదీ జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ. లైసెన్సు రాకముందు ఏళ్ల తరబడి పాటలు, మాటలు క్యాసెట్లలో నింపి సంఘాల మీటింగుల్లో వినిపించారు. పస్తాపూర్‌లో ఈ సొసైటీకి ప్రాణం పోసిన పి.వి. సతీష్, ఒకప్పటి దూరదర్శన్ మనిషి, మా కచేరీ అయిన సరిగ్గా మూడు వారాలకు, మార్చి 19న కన్నుమూశారు. ప్రతి జనవరిలో ఎడ్లబండ్ల మీద పాత విత్తనాలు పెట్టుకుని ఊరూరా పాత పంటల జాతర తిరిగేది ఈ ఆడవాళ్లే. ఆ బండ్ల ముందు పాడేదీ వాళ్లే. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. చూశానే గానీ విన్నానా అంటే చెప్పలేను.

ఆ సాయంత్రం రేడియోలో కలుపు పాట. ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటున్నారు. నేను చెప్పులు విప్పకుండా అలాగే గడప మీద కూర్చున్నాను. అందుకునేవాళ్లలో ఒక గొంతు కొంచెం ఆలస్యంగా వస్తోంది, మిగతావాళ్లు ఊపిరి తీసుకునే చోట ఆమె నిలబెడుతోంది. అందువల్ల పాట ఎక్కడా తెగడం లేదు.

“అవ్వా, ఆ ఎనకకెల్లి వచ్చే గొంతు ఎవరిది?”

అవ్వ చాట ఆపకుండానే చెప్పింది. “నాదే. నాలుగేండ్ల కింద పోయి పాడొచ్చిన. అప్పుడప్పుడు మల్ల ఏస్తరు.”

“నాకు చెప్పనేలేదు!”

“ఏసిన్నాడల్లా నువ్వు గీడ్నే ఉన్నవు గద బిడ్డా. గా స్తంభం కాడ కూసోని చదువుకుంటుంటివి.”

రేడియోలో పాట అయిపోయింది. మాటలు మొదలయ్యాయి. నేను రేడియో గొంతు తగ్గించి, అవ్వ దగ్గరికి జరిగి, ఆ పాట నాకోసం మళ్లీ ఒక్కసారి పాడమన్నాను.

“రేపు కాలేజి లేదా?” అంది.

“ఉంది. పోతా.”

అవ్వ చాట కింద పెట్టి, గొంతు సవరించుకుంది.